మూతపడిన కాలేజీ, తెగిన పరిచయాలు

అంటువ్యాధి విజృంభించినప్పుడు కళాశాల విద్యార్థుల మధ్య ముందుగా దెబ్బతినేది గాఢమైన స్నేహం కాదు, రోజువారీ పరిచయం. వరండాలో రెండు మాటలు, క్యాంటీన్‌లో ఒకే బల్ల, పరీక్షల ముందు కలిసి చదువుకోవడం వంటివి ఒకే ఆవరణలో మెలగడం వల్ల కుదిరేవి. ఆవరణ మూతపడితే వాటికి ఆధారం పోతుంది. ఆప్తమిత్రులైతే ఫోనులోనైనా పలకరించుకుంటారు.

2020లో కోవిడ్-19 వచ్చేసరికి స్విట్జర్లాండ్‌లో కొందరు పరిశోధకులు డిగ్రీ విద్యార్థుల పరిచయాలను, మానసిక స్థితిని 2018 నుంచే నమోదు చేస్తున్నారు. లాక్‌డౌన్ మొదలయ్యాక మళ్లీ ఆరా తీశారు. ముందటి వివరాలు చేతిలో ఉండడమే ఈ అధ్యయనానికి బలం; చాలా కోవిడ్ సర్వేలకు ఆ అదృష్టం లేదు. 212 మంది జవాబులను చూస్తే మాటామంతీ, కలిసి చదవడం తగ్గాయి, ఒంటరిగా చదివేవారు పెరిగారు. ఒత్తిడి, ఆందోళన, ఒంటరితనం, కుంగుబాటు ఎక్కువయ్యాయి. అంతకుముందు సరదాలు తప్పిపోతాయేమోనన్న బెంగ ఉండేది. దాని స్థానంలో ఆరోగ్యం, కుటుంబం, భవిష్యత్తు గురించిన దిగులు చేరింది. తోటివారికి దూరమైనవారి, మనసు చెప్పుకునే తోడు లేనివారి స్థితి మరింత దిగజారింది.

మన దేశంలోనూ 2020 మార్చిలో కళాశాలలు మూతపడి హాస్టళ్లు ఖాళీ అయ్యాయి. ఆన్‌లైన్ తరగతులు పాఠాన్ని నిలబెట్టాయి గాని వరండా కబుర్లను కాదు. సిగ్నల్ అందని పల్లె విద్యార్థికి ఆ పాఠమూ దక్కలేదు. ఆ ఏడాది కొత్తగా చేరినవారిలో చాలామంది సహాధ్యాయులను మొదట తెరమీదే చూశారు.