కడుపుకోత కలిపిన స్నేహం



కన్నబిడ్డను పోగొట్టుకున్న బాధను మనం కడుపుకోత అంటాం. బిడ్డను చంపినవాడు ఏ జాతివాడో, ఆ జాతి మనిషితోనే స్నేహం కుదురుతుందా? కుదిరిన ఇద్దరు తండ్రుల సంగతి చెబుతాను, వినండి.

ఒకరు ఇజ్రాయెల్‌కు చెందిన రామీ ఎల్హనాన్. 1997 సెప్టెంబరు 4న జెరూసలేం బజారులో పాలస్తీనావారి ఆత్మాహుతి దాడిలో ఆయన కూతురు స్మదార్ మరణించింది. ఆ పిల్లకు పద్నాలుగేళ్లు నిండలేదు. రామీకి మొదట కలిగింది పగే. సుమారు ఏడాదికి ‘పేరెంట్స్ సర్కిల్’ సమావేశానికి వెళ్లారు. 1994లో హమాస్ చేతిలో కొడుకును పోగొట్టుకున్న ఇత్జాక్ ఫ్రాంకెంథాల్ 1995లో స్థాపించిన సంస్థ అది. బిడ్డలను పోగొట్టుకున్న పాలస్తీనా తల్లిదండ్రులను రామీ అక్కడే మొదటిసారి చూశారు. వాళ్లదీ తన ఏడుపే.

రెండవవారు పాలస్తీనాకు చెందిన బస్సామ్ అరామిన్. చిన్న వయసులోనే ఇజ్రాయెల్ సైన్యంపై దాడి కేసులో ఏడేళ్లు జైల్లో ఉన్నారు. అక్కడే ఎదుటి పక్షం భాష హీబ్రూ నేర్చుకున్నారు. ఆ భాషతోపాటు వాళ్ల భయాలూ కొంత తెలిశాయి. 2005లో రెండు వైపులా ఆయుధం పట్టి వదిలినవారు శాంతి కోసం ఒక సంఘం పెట్టుకున్నారు. అందులో బస్సామ్ ఉన్నారు, రామీ కుమారుడూ ఉన్నాడు. ఆ విధంగా తండ్రులిద్దరికీ పరిచయమైంది.

2007 జనవరిలో బస్సామ్ కూతురు, పదేళ్ల అబీర్, బడి దగ్గర ఇజ్రాయెల్ సరిహద్దు పోలీసుల రబ్బరు గుండు తలకు తగిలి ఆసుపత్రిపాలైంది. అప్పుడు ఆ మంచం దగ్గర రామీ కూడా ఉన్నారు. పిల్ల బతకలేదు. బస్సామ్ పగకు పోలేదు, పేరెంట్స్ సర్కిల్‌లో చేరారు.

అంటే జరిగినదాన్ని మరిచిపోయారనుకోకండి. కాల్చినవారిపై నేర విచారణ జరగలేదు. బస్సామ్ కోర్టుకెక్కారు. బాధ్యత ప్రభుత్వానిదేనని 2010లో తీర్పు వచ్చింది. స్నేహం వేరు, న్యాయం అడగడం వేరు. రెండూ కావాలి. మిత్రులు కలిసి అబీర్ చదివిన బడిలో ఆమె పేర ఆటస్థలం కట్టారు. నేడు ఆ సంస్థలో రెండు పక్షాలవీ వందలాది కుటుంబాలున్నాయి. 2023 అక్టోబరులో మొదలైన యుద్ధంలోనూ అది చెదరలేదు.

మనం రెండు భాషల నడుమ బతికేవాళ్లం. సంతలో, బస్సులో పొరుగు భాష ఎలాగూ మాట్లాడుతాం. గొడవలు వచ్చిన రోజున కూడా అదే భాషలో పొరుగింటివారి కష్టం అడిగి తెలుసుకుందాం. మా బడిపిల్లలకు నేను చెప్పేది ఇదే.