రుమాలు పోయిందని చెప్పి ఉంటే...

‘ఒథెల్లో’ కథ చెప్పి, ఇందులో చెడ్డవాడెవరని అడిగితే తరగతి అంతా ఒక్క గొంతుతో ‘ఇయాగో’ అంటుంది. జవాబు తప్పేమీ కాదు. కానీ పాఠం అక్కడితో ముగిస్తే అసలు సంగతి మిగిలిపోతుంది. ఇయాగో కత్తి దూసేది ఆఖరి అంకాల్లోనే. అంతవరకూ అతని ఆయుధం మాటే.

1604 నవంబరు 1న లండన్ రాజప్రాసాదంలో ఆడినట్టు దాఖలా ఉన్న నాటకం ఇది. మన పిల్లల్లో చాలామందికి లాంబ్ అక్కాతమ్ముళ్లు 1807లో అచ్చువేసిన కథల పుస్తకం ద్వారానే పరిచయమవుతుంది. వెనిస్ నగరం కొలువులో ఉన్న నల్లజాతి సేనాని ఒథెల్లో. తండ్రికి తెలియకుండా అతన్ని పెళ్లాడిన పెద్దింటి అమ్మాయి డెస్డిమోనా.

ఇంగ్లీషు పాఠంలో ‘జెలసీ’ అనే మాట దగ్గర పిల్లలు ఆగుతారు. తమిళం, కన్నడం, ఒడియా, మరాఠీల నడుమ చదువుకుంటున్న మన పిల్లలకు ఇంటి మాట అక్కరకొచ్చేది ఇక్కడే. తనకు రావలసిన పదవి కాసియోకి దక్కిందని ఇయాగో పడేది అసూయ, వాడుకలో చెప్పాలంటే కుళ్ళు. తనది చేజారుతోందేమోనని ఒథెల్లో పడేది అనుమానం. అసూయ పడేవాడు నవ్వుతూ తిరగగలడు, అనుమానం పట్టినవాడికి కంటికి కునుకుండదు. ఒకడి కుళ్ళు ఇంకొకడిలో అనుమానాన్ని నాటడమే ఈ కథ. (ఇయాగోకి తన భార్య మీదా అనుమానమే. అయితే దాన్ని అతను సాకుగా వాడుకున్నాడే తప్ప నిజంగా బాధపడినట్టు మాకు తోచదు.)

ఇక రుమాలు. ఒథెల్లో తల్లి నుంచి వచ్చినది, భార్యకిచ్చిన తొలి కానుక. భర్తకు తలనొప్పిగా ఉందంటే డెస్డిమోనా దాంతోనే కట్టు కట్టబోతుంది. అది జారి కింద పడుతుంది. ఎన్నాళ్లుగానో దాన్ని తెమ్మని భర్త పోరుతున్నాడని ఇయాగో భార్య ఎమిలియా తీసి అతని చేతికిస్తుంది. అతను దాన్ని కాసియో గదిలో పడేస్తాడు. తర్వాత రుమాలేదని ఒథెల్లో గద్దించినప్పుడు డెస్డిమోనా బెదిరిపోయి, పోలేదని చెబుతుంది. ఎమిలియా పక్కనే ఉండి కూడా నోరు విప్పదు.

టీచర్లు ఎక్కువసేపు నిలవాల్సిన చోటు ఇదే. చెడ్డవాడు ఆ గదిలో లేడు. ఉన్నవాళ్లలో ఒకరు భయంతో అబద్ధమాడారు, ఒకరు మౌనంగా ఉన్నారు, ఒకరు కేకలు వేశారు. డెస్డిమోనా అంత మంచి మనిషి, ఆమె ఆడిన ఆ చిన్న అబద్ధమే ఇయాగో పని సులువు చేసింది. ఇంట్లో పెద్దవాళ్లు గద్దిస్తే పోయిన పెన్ను ఉందని చెప్పే పిల్లలకు ఆ భయం కొత్తది కాదు.

చివరికి నోరు విప్పేది ఎమిలియాయే. డెస్డిమోనా ప్రాణం పోయాక, భర్త కత్తి ఎదుట నిలబడి రుమాలు సంగతి బయటపెడుతుంది. అందుకు ప్రాణమూ ఇస్తుంది. ఈ నాటకంలో మంచి ఓడిపోయిందా అంటే మేము అంత తేలిగ్గా ఒప్పుకోం. అది ఆలస్యంగా వచ్చింది.

సంస్కృత నాటక సంప్రదాయం విషాదాంతాన్ని అంగీకరించదు. ఆ కట్టును దాటి తెలుగులో తొలి విషాదాంత నాటకంగా పేరొందిన ‘విషాద సారంగధర’ రాసిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు బళ్లారివాడు. అంటే నేటి కర్ణాటకలో, మనలాంటి ఊళ్లోనే పుట్టిన నాటకం. సవతి తల్లి చిత్రాంగి నింద వేస్తే రాజరాజనరేంద్రుడు కొడుకు మాట వినకుండా శిక్ష వేస్తాడు. అడగాల్సిన ప్రశ్న అడగకపోవడంలో అతను ఒథెల్లోకి తీసిపోడు. ఆచార్యులుగారి మేనల్లుడు బళ్లారి రాఘవ షేక్‌స్పియర్ పాత్రలూ వేసిన నటుడు.

వార్షికోత్సవానికి నాటకమంతా వేయనక్కర్లేదు. రుమాలు దృశ్యం ఒక్కటి పది నిమిషాలు చాలు, సామగ్రీ ఒక్క రుమాలే. తర్వాత పిల్లల్ని ఒకటే అడగండి, పోయిందని డెస్డిమోనా చెప్పి ఉంటే ఏమయ్యేదని. జవాబు తెలుగులో రాయనివ్వండి. ‘అయినా ఒథెల్లో నమ్మేవాడు కాదు’ అని రాసినవాళ్లకూ మార్కులు వేయాలి.