ఇంగ్లీషు మీడియం తరగతిలో తెలుగు: అపోహలు – వాస్తవాలు

అపోహ: తరగతిలో తెలుగు వినబడితే పిల్లలకు ఇంగ్లీషు రాదు.

వాస్తవం: తెలుగు మాట్లాడారని పిల్లలకు జరిమానా వేసే బడులది ఈ నమ్మకమే. నైజీరియాలోని ఇఫె విశ్వవిద్యాలయం 1970లో ఒక ప్రయోగం మొదలుపెట్టింది. కొన్ని తరగతుల్లో ఆరేళ్లపాటు లెక్కలు, సైన్సు, సోషల్ అన్నీ పిల్లల యొరుబా భాషలోనే చెప్పారు. ఇంగ్లీషును విడి సబ్జెక్టుగా, అందులో ఆరితేరిన టీచర్లతో నేర్పించారు. మిగతా తరగతులు ఆనవాయితీ ప్రకారం మూడేళ్ల తర్వాత ఇంగ్లీషు మీడియానికి మారాయి. యొరుబాలో చదివిన పిల్లలు మిగతా సబ్జెక్టుల్లోనే కాదు, ఇంగ్లీషులోనూ వెనకబడలేదు. మంచి ఇంగ్లీషు టీచరు ఉండడం ఆ ఫలితానికి పెద్ద అండ అని నా నమ్మకం. తల్లిభాష కావాలని వాదించేవాళ్లు కూడా ఆ సంగతి మరిచిపోకూడదు.

మన తరగతికి వద్దాం. నీరు ఆవిరయ్యే పాఠం. టీచరు తడిగుడ్డతో నల్లబల్ల మీద రెండుచోట్ల ఒకేలా తుడిచి, ఒకదానికి అట్టతో విసురుతారు. ఏది ముందు ఆరింది, ఎందుకు? తెలుగులో అడిగి చూడండి. "గాలి తగిలింది కదా టీచర్" అంటాడొకడు. "చీర మడతపెట్టి ఆరేస్తే లోపల తడి పోదని మా అమ్మ విప్పి ఆరేస్తుంది" అంటుంది ఇంకో పిల్ల. గాలి, వైశాల్యం రెండూ పిల్లల నోటనే వచ్చేశాయి. అప్పుడు ఇవాపరేషన్, సర్ఫేస్ ఏరియా అని బోర్డు మీద రాస్తే, తమకు తెలిసిన సంగతికే పేర్లు దొరికినట్టవుతుంది. ఆపైన ఆ మాటలతో ఇంగ్లీషులో రెండు వాక్యాలు ఇద్దరిద్దరుగా చెప్పించి, రాయించాలి. సిలబస్ తొందరలో తరచూ ఎగిరిపోయేది ఈ ఆఖరి పనే.

అపోహ: అలాగైతే ప్రతి ఇంగ్లీషు వాక్యానికీ వెంటనే తెలుగు చెబితే సరి.

వాస్తవం: ఎలాగూ తెలుగు వస్తుందని తెలిశాక పిల్లలు ఇంగ్లీషు వినడం మానేస్తారు. ఆలోచించి చర్చించేటప్పుడు తెలుగు, చదివి రాసేటప్పుడు ఇంగ్లీషు అని వేళలు విడదీసుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి, తెలంగాణలో 2022-23 నుంచి వచ్చిన ద్విభాషా పుస్తకాలు ఇందుకు బాగా అక్కరకొస్తాయి. తెలుగు పేజీ ఇంటి దగ్గర చదివి రమ్మంటే బడిలో ఇంగ్లీషు పేజీ అంతగా భయపెట్టదు.

అపోహ: గలగలా ఇంగ్లీషు మాట్లాడే పిల్లకు పాఠమూ అర్థమవుతుంది.

వాస్తవం: కెనడాలో వలస కుటుంబాల పిల్లల చదువును పరిశీలించిన జిమ్ కమిన్స్ ఈ రెండూ వేరని చెప్పారు. కబుర్లకు సరిపడే ఇంగ్లీషు రెండేళ్లలో వస్తుంది. చదువుకు కావలసిన ఇంగ్లీషులో తోటివాళ్లను అందుకోవడానికి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుంది. అదీ చుట్టూ ఇంగ్లీషు వినబడే దేశంలో! బడి గేటు దాటితే ఆ భాషే చెవిన పడని పల్లె పిల్లకు ఏడాదిలో రాలేదని మొద్దు అనడం అన్యాయం.

అపోహ: "అర్థమైందా?" అంటే తరగతంతా "యెస్ టీచర్" అన్నారంటే అర్థమైనట్టే.

వాస్తవం: కాదు. బొమ్మ గీయమనండి, చేసి చూపమనండి, పక్కవాడికి చెప్పమనండి.

అపోహ: లెక్కలకు భాషతో పనిలేదు.

వాస్తవం: "ఫైవ్ లెస్ దేన్ ఎక్స్" అని ఇస్తే చాలామంది పిల్లలు ఐదులోంచి ఎక్స్‌ను తీసేస్తారు. వాక్యంలో ఐదే ముందుంది మరి! "ఎక్స్ కంటే ఐదు తక్కువ" అని చెప్పి చూడండి, అదే పిల్లలు ఎక్స్‌లోంచి ఐదు తీసివేస్తారు. తీసివేత రాక పోయిన మార్కులు కావవి. స్లిప్ టెస్టులో ఒకటి రెండు ప్రశ్నలు తెలుగులోనూ ఇచ్చి, తెలుగులో జవాబు రాయనిస్తే, ఎవరికి లెక్క మళ్లీ చెప్పాలో, ఎవరికి ఇంగ్లీషు వాక్యం విప్పి చూపాలో టీచరుకు తెలుస్తుంది.