కత్తులకు నోరుంటే...

1945 అక్టోబరు 9వ తేదీ. అండమాను దీవుల ముఖ్యపట్టణమైన పోర్ట్ బ్లెయర్‌లోని జింఖానా మైదానం. మూడున్నర సంవత్సరాలపాటు ఆ దీవులను ఏలిన జపాను సేనలు బ్రిటిష్ ఇండియా సైన్యానికి లాంఛనంగా లొంగిపోయాయి. భారతీయ పదాతి బ్రిగేడు అధిపతి బ్రిగేడియర్ సాలొమన్స్ ఆ లొంగుబాటును స్వీకరించాడు. ఆ సందర్భాన తీసిన ఒక ఛాయాచిత్రంలో జపాను వైస్ అడ్మిరల్ హారా తన ఖడ్గాన్ని రాజపుత్ర రెజిమెంటుకు చెందిన లెఫ్టినెంట్ కర్నల్ నాథూసింగ్ చేతికి అప్పగిస్తూ కనిపిస్తాడు. ఇచ్చేవాడి మొగమూ పుచ్చుకొనేవాడి మొగమూ మనకు ఎంతో కొంత చెబుతాయి. ఆ రెండు చేతుల నడుమ ఉన్న కత్తి మాత్రం ఏమీ చెప్పదు.

సరిగా ఆ రోజులలోనే జపాను దేశమంతటా కత్తులను పోగుచేస్తున్నారు. ఓడిన జాతి చేతిలో ఆయుధమన్నది ఉండరాదని అమెరికా సేనాధిపతుల ఆజ్ఞ. యుద్ధకాలంలో కర్మాగారాలలో వేలకొలదిగా తయారైన సైనిక ఖడ్గాలతోపాటు, తాతముత్తాతలనాటి కత్తులు, దేవాలయాలలో పూజలందుకొన్న కత్తులు కూడా బయటికి రాక తప్పలేదు. కొన్నింటిని కరిగించారు. కొన్నింటిని సముద్రంలో పారవేశారు. కొన్ని విజేతల సామాన్లలో జ్ఞాపికలై దేశాలు దాటిపోయాయి. హొన్మ జుంజి అనే పండితుడు అమెరికను అధికారుల ఎదుట నిలిచి, ఇవి ఆయుధాలు మాత్రమే కావు, కళాఖండాలు కూడానని నచ్చజెప్పి ఉండకపోతే, మిగిలినవి కూడా దక్కేవి కావు.

ఆ గందరగోళంలో మాయమైన కత్తులలో ఒకదాని పేరు హొతారుమారు. హొతారు అంటే మిణుగురు పురుగు. అలుగు ఒక్కటే మూడడుగులకు పైబడిన ఈ మహాఖడ్గం క్యూషూ ద్వీపంలోని అసో వంశీయులది. 1336లో తతరహమ యుద్ధంలో ఓడిపోయి తిరిగివచ్చిన అసో కొరెజుమి ఆ రాత్రి ఒక కల గన్నాడట. మిణుగురులు గుంపులుగా వచ్చి, నొక్కులుపడిన కత్తి అంచుమీద వాలాయట. తెల్లవారి చూస్తే అంచు ఎప్పటివలెనే నున్నగా ఉన్నదట. ఆరు వందల ఏళ్లు నిలిచిన ఆ కత్తి 1945 తరువాత ఎవరి కంటా పడలేదు.

వస్తువుకు ప్రాణం ఉంటుందన్న నమ్మకం జపానువారికి కొత్త కాదు. నూరేళ్లు మనుషుల చేతులలో మెలగిన పనిముట్టుకు ఒక ఆత్మ సిద్ధిస్తుందని వారి పాత కథలు చెబుతాయి. అటువంటి ఆత్మను సుకుమోగామి అంటారు. పాత గొడుగు, చిరిగిన చెప్పు, పగిలిన కుండ కూడా ఆ కథలలో లేచి నడుస్తాయి. విజయదశమినాడు నాగలికీ కొడవలికీ, లారీకీ రిక్షాకూ పసుపు కుంకుమలు పెట్టే తెలుగువారికి ఇది విడ్డూరంగా తోచనక్కరలేదు. పాండవులు అజ్ఞాతవాసానికి పోతూ జమ్మిచెట్టుమీద దాచినవి కేవలం ఇనుప ముక్కలే అయితే, ఆ చెట్టుకు మనం నేటికీ ప్రదక్షిణం చేయవలసిన పని ఏముంది?

ఈ పాత నమ్మకంమీదనే 2015 జనవరిలో జపానులో ఒక కంప్యూటరు ఆట వెలసింది. దాని పేరు 'తోకెన్ రాంబు'. కత్తుల వీరంగం అని చెప్పుకోవచ్చు. ఆ ఆట నుంచి నాటకాలు, సినిమాలు, యానిమే అని జపానువారు పిలిచే బొమ్మల చిత్రాలు పుట్టాయి. 2016లో 'హనమారు', 2017లో 'కత్సుగెకి' అనే రెండు యానిమే మాలికలు టెలివిజనులో వచ్చాయి. కథ చిత్రమైనదే. అది 2205వ సంవత్సరం. చరిత్రను తమకు నచ్చినట్లు తిరగరాయాలని ఒక శత్రుసేన గతంలోకి చొరబడుతుంది. దానిని అడ్డుకొనడానికి ప్రాచీన ఖడ్గాల ఆత్మలను మేల్కొలిపి, యువకుల రూపమిచ్చి, ఆయా కాలాలకు పంపుతారు. జరిగినది జరిగినట్లే జరిగేలా చూడటం వారి ధర్మం.

పైకి పిల్లల ఆటలా కనిపించే ఈ కథలో ఒక ముల్లు ఉంది. ఆ కత్తులకు పూర్వపు యజమానులు ఉన్నారు. వారిపట్ల ప్రేమ ఉంది. పందొమ్మిదవ శతాబ్దిలో క్యోటో వీధులలో పేరు మోసిన యోధుడు ఒకీత సోజి 1868లో క్షయతో చిన్నవయసుననే కన్నుమూశాడు. సకమోతో ర్యోమా 1867లో హంతకుల పాలయ్యాడు. వారి కత్తులే గతంలోకి వెళ్లినప్పుడు, బ్రతికి ఉన్న యజమాని కంటి ఎదుట కనబడితే, ఒక్క మాట చెప్పి కాపాడుకోరాదా? రాదు. 2019లో ఇదే కథ ఆధారంగా వచ్చిన సినిమాలో శత్రువులు చేసే కుట్ర సరిగా ఇదే. 1582లో హొన్నోజి ఆలయంలో చనిపోవలసిన ఓద నొబునాగను బ్రతికిస్తారు. చంపటం కాదు, బ్రతికించటమే అక్కడ నేరం! ఇష్టమైనవాణ్ణి కాపాడటం కోసమైనా సరే, గతంమీద చేయి వేయరాదన్నది ఆ కథల కట్టుబాటు. ఖడ్గయుద్ధాల హోరు నడుమ ఇటువంటి మాట వినిపించటం విశేషమే.

ఆ ఆట చూసిన యువతులు వస్తుప్రదర్శనశాలలకు బారులు తీరారు. అంతకుముందు వృద్ధులు తప్ప తొంగిచూడని గాజుపెట్టెల ఎదుట పద్దెనిమిదేళ్ల అమ్మాయిలు గంటలకొలది నిలబడ్డారు. 2015లో ఒక కమ్మరి హొతారుమారుకు ప్రతిరూపం చేయదలచి చందాలు కోరితే, అనుకొన్న మొత్తానికి ఎన్నో రెట్ల సొమ్ము వచ్చిపడింది. 2016లో కుమమోతో ప్రాంతాన్ని కుదిపిన భూకంపంలో అసో ఆలయద్వారం కూలిపోయింది. మరుసటి ఏడు కొత్త హొతారుమారు ఆ ఆలయానికి చేరింది.

ఇంతవరకు వచ్చిన ఆ యానిమే కత్తులేవీ అండమాను తీరాన దిగలేదు. దిగి ఉంటే వాటి ధర్మం ఎంత కఠినమో తెలిసివచ్చేది.

1942 మార్చి 23న జపాను సేనలు ప్రతిఘటన అన్నది లేకుండా పోర్ట్ బ్లెయర్‌లో అడుగుపెట్టాయి. తెల్లవారి పీడ వదిలిందని సంతోషించినవారు లేకపోలేదు. ఆ సంతోషం నిలిచింది కొద్ది రోజులే. కోళ్లను తరుముతూ ఇళ్లలో జొరబడిన సైనికులమీద జుల్ఫికర్ అలీ అనే యువకుడు పక్షులను కొట్టే గాలితుపాకి పేల్చాడు. ఎవరికీ గాయం తగలలేదు. అయినా అతణ్ణి నలుగురి ఎదుట హింసించి చంపారు. ఊరిలో అతని పేర ఒక స్మారకశిల ఉంది. బ్రిటిష్ అధికారి మేజర్ బర్డ్‌మీద గూఢచారి అని నేరం మోపి, జనం చూస్తుండగా కత్తితో తల నరికారు. అండమాను ప్రజ జపాను ఖడ్గాన్ని ఎరిగినది ఈ విధంగా.

ఇక 1943 డిసెంబరు. నేతాజీ సుభాస్ చంద్రబోసు 29వ తేదీన పోర్ట్ బ్లెయర్ చేరి, 30న అదే జింఖానా మైదానంలో త్రివర్ణ పతాకం ఎగురవేశారు. అండమానుకు షహీద్ అని, నికోబారుకు స్వరాజ్ అని పేర్లు పెట్టదలచారు. సెల్యులర్ జైలును కూడా దర్శించారు. ఒకనాడు తన దేశపు విప్లవవీరులు మగ్గిన గదులకు నమస్కరించారు. ఆ వేళకే అదే జైలులో డాక్టర్ దివాన్ సింగ్ జపానువారి చిత్రహింసలకు గురవుతున్నాడు. పంజాబీలో కాలేపానీ అన్న పేరుతో కవిగా ప్రసిద్ధుడు, ఆ దీవులలో ఇండియన్ ఇండిపెండెన్స్ లీగు శాఖకు నాయకుడు, అందరికీ తలలో నాలుకవంటి వైద్యుడు. ఆ భాగంవైపు అతిథిని పోనీయలేదు. బోసు వెళ్లిపోయిన పక్షం రోజులకు, 1944 జనవరి 14న, దివాన్ సింగ్ మరణించాడు. అదే నెల 30న హంఫ్రీగంజ్ వద్ద గూఢచారులన్న నెపంతో 44 మంది భారతీయులను ఒకేచోట కాల్చి చంపారు. వారిలో పలువురు లీగు సభ్యులే. ఆ తరువాత ఆజాద్ హింద్ ప్రభుత్వం పక్షాన గవర్నరుగా వచ్చిన లోకనాథన్‌కు దక్కిన అధికారం నామమాత్రం. 1945 ఆగస్టులో, ఓటమి తథ్యమని తేలినవేళ, ఆహారం చాలటంలేదని వందలాది మందిని పడవలెక్కించి హేవ్‌లాక్ దీవి సమీపాన సముద్రంలోకి తోసివేశారు. ఒడ్డు చేరినవారు అతిస్వల్పం.

వెళ్లేముందు జపానువారు దస్తావేజులను తగులబెట్టారు.

యానిమేలోని శత్రుసేన గతంలోకి పోయి చేయబూనిన పని ఇదే. దానికి కాలయంత్రం కూడా అవసరం లేదు, ఒక అగ్గిపుల్ల చాలు. మిగిలినది మనుషుల జ్ఞాపకం. అది కూడా నలువైపుల లాగబడుతుంది. జెండా ఎగిరిన 30వ తేదీని ప్రేమించేవారికి హంఫ్రీగంజ్ 30వ తేదీ ఇబ్బంది కలిగిస్తుంది. హంఫ్రీగంజ్‌ను తలచి కుమిలేవారికి ఆ జెండా రుచించకపోవచ్చు. రెండింటి నడుమ ఉన్నది ఒక్క నెల. రెండింటిలో ఏది తీసివేసినా మిగిలేది అండమాను చరిత్ర కాదు. నేతాజీని గౌరవించటానికి దివాన్ సింగ్‌ను మరువనక్కరలేదు. పోర్ట్ బ్లెయర్‌లోని ఒక గురుద్వారా ఆ వైద్యుడి పేరనే ఉంది. హంఫ్రీగంజ్‌లో ఏటా జనవరి 30న హతులకు నివాళి జరుగుతుంది.

రాతికట్టడానికి కూడా ఇదే గతి పట్టబోయింది. 1896లో మొదలై 1906లో పూర్తయిన సెల్యులర్ జైలుకు నడుమ ఒక బురుజు, దాని చుట్టూ చక్రపు ఆకులవలె ఏడు భుజాలు, 693 గదులు ఉండేవి. ఒక్కొక్క గదికి ఒక్కొక్క ఖైదీ. ఒకరి మొగం ఒకరికి కనబడదు. 1941 భూకంపం దానిని దెబ్బతీసింది. కూలిన భాగాల ఇటుకలను జపానువారు తమ బంకర్లకు వాడుకొన్నారు. స్వాతంత్ర్యం వచ్చాక మరి రెండు భుజాలను మనవారే పడగొట్టారు. ఆ ఆవరణలో 1963లో గోవింద వల్లభ పంత్ పేరిట ఆసుపత్రి వెలసింది. ఆసుపత్రి అవసరమే, కాదనేవారు ఎవరు? కాని ఆ గోడల మధ్య యౌవనాన్ని ధారపోసి వచ్చిన వృద్ధులకు ప్రతి ఇటుకా ఒక సాక్షి. మాజీ రాజకీయ ఖైదీలు ఒక్కటై ఆందోళన చేసి, మిగిలిన మూడు భుజాలను, బురుజును దక్కించుకొన్నారు. 1979 ఫిబ్రవరి 11న నాటి ప్రధాని మొరార్జీ దేశాయి దానిని జాతీయ స్మారకంగా జాతికి అంకితం చేశారు. తమను బంధించిన జైలును పడగొట్టవద్దని ఖైదీలే వేడుకొనటం లోకంలో తరచుగా జరిగే సంగతి కాదు.

ఆ ద్వీపాంతరవాసంతో తెలుగువారికి కూడా బాంధవ్యం ఉంది. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాము మల్లుదొరకు పడిన మరణశిక్ష ద్వీపాంతరశిక్షగా మారి, ఆయన అండమాను చేరాడు. తిరిగివచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి తొలి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. 1933నాటి కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకర వెంకటాచారి కూడా ఆ సముద్రం దాటినవాడే. ఆ తరువాతి కాలంలో శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వందలాది కుటుంబాలు పొట్టచేత పట్టుకొని అదే ఓడ ఎక్కాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవులలో నూటికి పదముగ్గురి మాతృభాష తెలుగు. ఒక తరంవారు సంకెళ్లతో దిగిన రేవులో మరొక తరంవారు వలలు ఆరవేసుకొంటున్నారు.

పేర్లు కూడా మారుతూ వచ్చాయి. 2018లో రాస్, నీల్, హేవ్‌లాక్ దీవులకు వరుసగా నేతాజీ సుభాస్ చంద్రబోస్ ద్వీపమని, షహీద్ ద్వీపమని, స్వరాజ్ ద్వీపమని పేర్లు పెట్టారు. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయర్ శ్రీ విజయపురం అయింది. పాత దొరల పేర్లు పోయినందుకు విచారించనక్కరలేదు. హేవ్‌లాక్ అన్న పేరుతోపాటు, 1945 ఆగస్టులో ఆ నీటిలో మునిగిపోయినవారి సంగతి కూడా పోకుండా చూసుకోవలసిన బాధ్యత మాత్రం పేరు మార్చినవారిదే.

జపాను కథలో కత్తులు మాట్లాడుతాయి. సెల్యులర్ జైలులో ఆ పని ఒక రావిచెట్టుకు అప్పగించారు. ఎన్నో ఏళ్లపాటు సాయంకాలాలలో ఆ ప్రాంగణంలో సాగిన ధ్వనికాంతి ప్రదర్శనలో కథ చెప్పినది జైలు ముంగిట ఉన్న రావిచెట్టే. దాని గొంతు నటుడు ఓంపురిది. బురుజుమీద ఎర్రని వెలుగు పడుతుండగా, గానుగ తిప్పినవారి కథను, కొరడాదెబ్బలు తిన్నవారి కథను, నిరాహారదీక్షలో ప్రాణాలు విడిచినవారి కథను ఆ చెట్టు వరుసగా చెప్పుకొనిపోయేది. వచ్చినవారిలో బెంగాలీలు ఉండేవారు, తమిళులు ఉండేవారు, విశాఖ ఓడ దిగి వచ్చిన తెలుగువారు ఉండేవారు. దీపాలు ఆరి, మళ్లీ మామూలు దీపాలు వెలిగాక, కొందరు లేచి ఆ చెట్టు దగ్గరకు పోయి బెరడుమీద చేయి వేసి చూసేవారు.