వార్తల్లో పదం: గ్యాస్ క్రొమటోగ్రఫీ-ఒల్ఫాక్టోమెట్రీ

పండ్లు, ధాన్యాలు, ఆకుల వాసనకు కారణమైన రసాయనాలను యంత్రమూ మనిషి ముక్కూ కలిసి గుర్తించే పద్ధతి ఇది. క్లుప్తంగా జీసీ-ఓ.

ఎలా చేస్తారు?: ఉదాహరణకు పండు గుజ్జును సీసాలో బిగించి వెచ్చబెడితే పైనున్న ఖాళీలో ఆవిర్లు చేరతాయి. వాటిని వెంట్రుకంత సన్నని పొడవాటి గొట్టంలోకి పంపి, వేడి పెంచుతూ పోతే ఒక్కో రసాయనం ఒక్కో సమయానికి బయటికొస్తుంది. చివర్లో గొట్టం రెండు పాయలవుతుంది. ఒకటి అణువును గుర్తుపట్టే మాస్ స్పెక్ట్రోమీటర్‌కు, రెండోది శిక్షణ పొందిన వ్యక్తి ముక్కు దగ్గరికి. ‘పచ్చిగడ్డి’, ‘పేలాలు’ అంటూ అనిపించిన వాసనను ఆ క్షణానే నమోదు చేస్తారు.

ముక్కెందుకు?: ఎక్కువ మోతాదులో ఉన్నదే ఘాటుగా తగలాలని లేదు. బాస్మతి అన్నం ఘుమఘుమకు ముఖ్య కారణం 2-ఎసిటైల్-1-పైరోలిన్. నీటిలో వెయ్యి కోట్ల వంతులకు ఒక్క వంతు ఉన్నా ముక్కు పసిగడుతుంది. అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్త రాన్ బటరీ బృందం దీన్ని 1980ల ఆరంభంలో అన్నంలో గుర్తించింది. పాండన్ ఆకులోనూ ఇదే ఉంటుంది. సువాసన వరి రకాల్లో సాధారణంగా బీఏడీహెచ్2 జన్యువు సరిగా పనిచేయదు, అందుకే ఈ రసాయనం గింజలో పేరుకుంటుంది.

ఉపయోగం: కొత్త వంగడాల ఎంపిక, నిల్వలో వాసన మార్పుల పరిశీలన.