పాటకు బదులు పలికే వాద్యం

ఇరాను శాస్త్రీయ గానంలో "ఆవాజ్" అనే పద్ధతి ఉంది. హాఫిజ్, సాదీ వంటి మహాకవుల గజళ్ళను గాయకుడు తాళం లేకుండా, మాటల నడకను బట్టి పాడుతాడు. పాదం ముగియగానే తార్ అనే తంత్రీవాద్యమో, నెయ్ అనే వేణువో ఆ పోకడనే తిరిగి పలుకుతుంది. దీనికి "జవాబ్" అని పేరు. కనుక వాద్యగాడు ముందు చక్కగా వినేవాడై ఉండాలి.

ఏడు దస్త్‌గాహ్‌లు, వాటి శాఖలు, వాటిలోని గూషేలనే చిన్న వరుసలు కలిసిన సంప్రదాయమే "రదీఫ్". గురువు పాడగా శిష్యుడు విని నేర్చేది. "గుండె నుండి గుండెకు" అని వారి మాట. మొహమ్మద్ రెజా షజరియాన్ (1940–2020) అబ్దుల్లా దవామీ వద్ద నేర్చి, తన శిష్యులకు అందించారు.

2009లో యునెస్కో రదీఫ్‌ను మానవజాతి వారసత్వపు పట్టికలో చేర్చింది. అయినా పట్టికలో పేరుంటే పాట నిలవదు. పక్కన కూర్చుని బదులు పలికేవారుండాలి. మన తాతల పాటలకూ అంతే కదా!