బాక్టీరియా తన ఎంజైమ్‌ను ఎప్పుడు బయటికి వదులుతుంది?

జపాన్‌లో ఉడికించిన సోయా గింజల మీద బాసిల్లస్ సబ్టిలిస్ అనే బాక్టీరియాను చల్లి, సుమారు 40 డిగ్రీల వేడిలో దాదాపు ఒక రోజు ఉంచుతారు. అదే నాట్టో. గింజను పైకెత్తితే సన్నటి జిగురు తీగలు సాగుతాయి. వాసన మాత్రం అందరికీ నచ్చేది కాదు!

గింజలోని ప్రోటీన్ చాలా పెద్దది, బాక్టీరియా లోపలికి పట్టదు. అందుకే సబ్టిలిసిన్ అనే ఎంజైమ్‌ను బయటికి వదిలి, ప్రోటీన్‌ను ముక్కలు చేయించి, ఆ ముక్కలను లోపలికి లాక్కుంటుంది.

మరి ఎప్పుడూ వదులుతూనే ఉండొచ్చుగా? ఉండదు. ఎంజైమ్ కూడా ప్రోటీనే, దాని తయారీకి బోలెడు శక్తి కావాలి. పైగా తెగిన ముక్కలను పక్క కణాలూ తినేస్తాయి.

అందుకే తిండి దండిగా ఉన్నంతకాలం ఏబీఆర్‌బీ అనే ప్రోటీన్ సబ్టిలిసిన్ జన్యువు దగ్గర డీఎన్ఏకు అతుక్కుని, దాన్ని పనిచేయనివ్వదు. తిండి తగ్గగానే స్పోజీరోఏ అనే మరో ప్రోటీన్‌కు ఫాస్ఫేట్ తగులుకుంటుంది. అప్పుడది ఏబీఆర్‌బీ తయారీనే ఆపేస్తుంది. డెగ్‌యూ అనే ఇంకో ప్రోటీన్ కూడా ఫాస్ఫేట్ అందుకుని జన్యువును జోరుగా పనిచేయిస్తుంది. అడ్డు తొలగడం ఒకటి, ఊపు అందడం ఇంకొకటి, రెండూ కావాలి.

ఇంతకీ ఆ ఎంజైమ్ సొంత కణాన్నే కోసేయదా? మంచి ప్రశ్న. పుట్టినప్పుడు దానికి ఒక అదనపు తునక అతికి ఉంటుంది. అది ఉన్నంతసేపు ఎంజైమ్ దేన్నీ జీర్ణం చేయలేదు. కణం దాటాక ఆ తునకను తానే కోసుకుని పనిలోకి దిగుతుంది. బట్టల సబ్బుపొడిలో రక్తపు మరకలను వదిలించేదీ ఈ కుటుంబపు ఎంజైమే.